పాత బియ్యం వేరు, పాత సిమెంటు వేరు



పోయిన ఆదివారం సమావేశంలో తేలకుండా మిగిలిపోయిన విషయం ఒకటుంది. మన భవనం వెనక గదిలో ఉన్న 22 బస్తాల సిమెంటు. ప్రహరీగోడ పనికి తెప్పించగా మిగిలినవి. తెచ్చి పద్నాలుగు నెలలు దాటింది. దాని మీద ఆ రోజు మూడు మాటలు వినిపించాయి. భవనం స్లాబు కారుతోంది కదా, ఆ మరమ్మతుకు వాడేద్దామన్నారు కొందరు. పట్టునేత చేసుకునే మన సభ్యురాలి ఇంట్లో వెనక పెంకుటిగది వానలకు కూలిపోయింది, అక్కడ చిన్న స్లాబు పోసుకుంటున్నారు కాబట్టి ఆమెకు సాయంగా ఇచ్చేద్దామన్నారు ఎక్కువమంది. పారేద్దామన్నవారు ఇద్దరే.

ఆ రోజు పొద్దుపోవడంతో మాట తెగలేదు. వచ్చే సమావేశానికి ముందే మా అభిప్రాయం వివరంగా రాస్తున్నాం. మేము అంటే ఆ గది తలుపు తీసి బస్తాలు ఒక్కొక్కటీ చూసిన నలుగురం. ఇది 22 బస్తాల గొడవ మాత్రమే అయితే ఇంత పొడుగు రాయనక్కర్లేదు. మనలో సొంత ఇల్లు కట్టుకున్న ప్రతి ఇంట్లోనూ మెట్ల కింద రెండో మూడో బస్తాలు ఉన్నాయి. "ఉండనీ, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది" అని అందరం దాచినవాళ్లమే.

ముందు మన పెద్దల మాట. "వస్తువు పాతబడితే గట్టిపడుతుంది గానీ పాడవుతుందా?" అని ఒక పెద్దాయన అడిగారు. ఆ మాటను తేలిగ్గా తీసిపారెయ్యకూడదు, దాని వెనక ఒక అనుభవం ఉంది. బరంపురంలో మన తాతల కాలం నాటి ఇళ్లు సున్నంతో కట్టినవి. గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులవి, అంటే 1936కు ముందు. సున్నాన్ని గుంటలో నీళ్లు పోసి విరిచి, నీళ్ల కింద నెలల తరబడి నాననిచ్చేవారు. ఎంత నానితే అంత మెత్తన, అంత జిగురు. గానుగలో ఇసుకతో కలిపి ఆడించి, బెల్లం నీళ్లూ కరక్కాయ నీళ్లూ కలిపి పూసిన గోడలు ఇప్పటికీ కొన్ని నిలబడే ఉన్నాయి. అలాంటి సున్నానికి వయసు బలం. బియ్యం పాతబడితే అన్నం పొడిపొడిగా వస్తుంది. చింతపండు కూడా పాతదే కావాలంటారు కొన్ని వంటలకు. మన బుద్ధిలో పాతకు ఒక గౌరవం ఉంది.

సిమెంటు ఆ కోవలోది కాదు. సున్నపురాయినీ బంకమట్టినీ సుమారు 1450 డిగ్రీల వేడిలో కాల్చి, ఆ గుండ్లను కొంచెం జిప్సంతో కలిపి పిండిలా నూరితే సిమెంటు అవుతుంది. అది నీళ్ల కోసం కాచుకుని ఉండే పిండి. నీళ్లు తగలగానే పని మొదలుపెడుతుంది, గట్టిపడుతుంది. ఆ పని ఒక్కసారే చేస్తుంది. మనం బకెట్టుతో పోసినా, గాలిలోని తేమ బస్తా కుట్లలోంచి మెల్లగా దూరినా దానికి నీళ్లు నీళ్లే. తేమ తగిలిన ప్రతి రేణువు మీదా సన్నని పొర కడుతుంది. ఆ మేరకు దాని బలం బస్తాలోనే ఖర్చయిపోతుంది. తర్వాత ఎండబెట్టినా, రోట్లో వేసి దంచినా ఆ ఖర్చయిన బలం తిరిగి రాదు.

ఎంత పోతుంది? సివిల్ ఇంజనీరింగు పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా చెప్పే లెక్క ఇది: మూడు నెలలకు సుమారు 20 శాతం, ఆరు నెలలకు 30, ఏడాదికి 40, రెండేళ్లకు 50. ఇది మోటు లెక్క. పొడిగా, జాగ్రత్తగా నిలవ చేస్తే తక్కువ పోతుంది, తేమలో పడేస్తే ఇంకా ఎక్కువ పోతుంది. ప్రభుత్వ పనుల్లో మూడు నెలలు దాటిన సిమెంటును మళ్లీ పరీక్ష చేయించనిదే వాడకూడదనే నియమం ఊరికే పెట్టలేదు. 43 గ్రేడు అని బస్తా మీద రాసి ఉంటే, 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 43 న్యూటన్ల ఒత్తిడి తట్టుకోవాలని అర్థం. అందులో 40 శాతం పోతే మిగిలేది 25 చిల్లర. బస్తా మీద ముద్ర మాత్రం 43 అనే ఉంటుంది.

ఇక మన ఊరి సంగతి. గోపాల్‌పూర్ సముద్రం మనకు సుమారు పదిహేను కిలోమీటర్లు. వానాకాలంలో గోడకు చెయ్యి ఆనిస్తే చెమ్మ తగులుతుంది, డబ్బాలో ఉప్పు నీరవుతుంది, అప్పడం గంటలో మెత్తబడుతుంది. అప్పడాన్ని మెత్తబరిచే గాలి సిమెంటును వదిలిపెడుతుందా? సోలాపూర్‌లోనో బళ్లారిలోనో ఉన్న మనవాళ్లు "మా దగ్గర ఆరు నెలలైనా బాగానే ఉంది" అంటే నిజమే కావచ్చు. అక్కడి గాలి వేరు. వాళ్ల అనుభవం మన గదికి పనికిరాదు.

ఇప్పుడు మేము చూసింది చెబుతాం. బస్తాలు నేల మీదే పేర్చి ఉన్నాయి. వెనక వరస గోడకు ఆనుకుని ఉంది. ఆ గోడకే అవతల స్నానాలగది. అడుగున ఉన్న 5 బస్తాలు రాయి, సుత్తితో కొడితేగానీ విరగలేదు. గోడవైపున్న మరో 6 బస్తాల్లో చేతికి చితకని గడ్డలున్నాయి. మిగిలిన 11 పైకి బాగానే ఉన్నాయి. విప్పి చూస్తే అక్కడక్కడా ఉండలున్నా వేళ్ల మధ్య నలిగిపోయాయి.

ఈ ఉండల సంగతి మనలో చాలామందికి తికమకగా ఉంటుంది. పై బస్తాల బరువుకు అణిగి కూడా సిమెంటు ఉండకడుతుంది. అది జబ్బు కాదు. బస్తాను నేల మీద రెండు మూడుసార్లు దొర్లిస్తే విడిపోతుంది. వేళ్లతో నలిపినా పొడి కానిదే తేమ తిన్న గడ్డ. ఆ బస్తాలో గడ్డ కట్టని పొడి కూడా ఎంతో కొంత చెడినట్టే లెక్క.

ఇంట్లో బస్తా ఉన్నవాళ్లు చూసుకోవడానికి తేలిక పద్ధతులు ఇవి:

1. బస్తా మీద వారం, నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. ముందు అది చదవండి. దుకాణంలో కొన్న రోజు నుంచి కాదు, ఆ తేదీ నుంచి లెక్కపెట్టాలి.

2. చెయ్యి లోపలికి పెట్టండి. మంచి సిమెంటు చల్లగా తగులుతుంది. వెచ్చగా ఉంటే లోపల తేమతో పని మొదలైందని అనుమానించాలి.

3. చిటికెడు తీసి వేళ్ల మధ్య రుద్దండి. మెత్తగా జారాలి. ఇసకలా గరగర తగిలితే మంచిది కాదు.

4. గుప్పెడు తీసి బకెట్టు నీళ్లలో వెయ్యండి. మంచిది కాసేపు పైన తేలి అప్పుడు మునుగుతుంది. గడ్డలైతే వేసిన వెంటనే బుడుంగుమంటాయి.

5. కొంచెం సిమెంటును నీళ్లతో గట్టి ముద్దగా కలిపి గాజుపలక మీద బిళ్లలా అద్ది, మెల్లగా నీళ్లలో ఉంచండి. ఒక రోజు గడిచాక బిళ్ల చెదరకుండా గట్టిగా ఉండాలి.

ఇవి చేసేటప్పుడు చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ ఉండాలి. సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే ఇంకా ప్రమాదం. పిల్లల్ని దగ్గరకు రానీయకండి.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఈ పరీక్షలు చెడిపోయినదాన్ని పట్టిస్తాయి, అంతే. ఎంత బలం మిగిలిందో చెప్పవు. ఐదింటిలోనూ నెగ్గిన బస్తాలో కూడా పాతిక శాతం బలం పోయి ఉండొచ్చు. అది తెలియాలంటే ప్రయోగశాలలో దిమ్మలు పోసి 7 రోజులకూ 28 రోజులకూ నొక్కి చూడాలి. 11 బస్తాల కోసం అంత తతంగం కన్నా కొత్తవి కొనడమే నయం.

సమావేశంలో వచ్చిన వాదనలకు ఒక్కొక్కదానికీ మా జవాబు.

"జల్లెడ పట్టి వాడితే సరి." జల్లెడ గడ్డల్ని ఆపుతుంది. తేమ పొర కట్టిన సన్నని పొడిని ఆపలేదు. కింద పడింది చూడ్డానికి కొత్తదానిలాగే ఉంటుంది, అక్కడే మోసపోతాం.

"పాలు పెంచుదాం. ఒక బస్తా వేసే చోట ఒకటిన్నర వేద్దాం." ఎంత బలం పోయిందో తెలియనప్పుడు ఎంత పెంచాలో ఎలా తెలుస్తుంది? పైగా ఏ రెండు బస్తాలూ ఒకేలా చెడలేదు. సిమెంటు ఎక్కువైతే నీళ్లూ ఎక్కువ పడతాయి, ఆరేటప్పుడు ముడుచుకుని సన్నని బీటలు వస్తాయి. స్లాబులో బీట అంటే లోపలి ఇనుముకు తుప్పు దారి. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఆ దారి మనమే తెరవడం ఎందుకు?

"కొత్తదాంట్లో సగానికి సగం కలుపుదాం." కొత్త పాలలో విరిగిన పాలు కలిపితే ఏది దేన్ని బాగుచేస్తుంది? మంచి సిమెంటు డబ్బులు ఇచ్చి కొని, దాన్ని కూడా అనుమానంలో పడేసుకోవడమే.

"మేస్త్రి ఫరవాలేదన్నాడు." మన తాపీ మేస్త్రిల అనుభవాన్ని మేము తక్కువ చెయ్యం. గోడ తూకం చూడ్డంలో వాళ్లకు సాటిలేరు. కానీ సిమెంటులో మిగిలిన బలం కంటికి కనిపించేది కాదు, ఎంత అనుభవం ఉన్నా సరే. ఉన్న సామానుతో పని నడిపించమని ఇంటివాళ్లు ఒత్తిడి పెడితే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

"మా ఇంట్లో రెండేళ్ల సిమెంటు వాడాం, ఏమీ కాలేదు." ఈ మాట ముగ్గురు అన్నారు. ఎక్కడ వాడారని అడిగితే, ఒకరు తులసికోటకు, ఒకరు పెరట్లో చప్టాకు, ఒకరు కాలువ అంచుకు. ఏమీ కాకపోవడంలో వింత లేదు. చప్టా కింద భూమి ఉంది, స్లాబు కింద మనుషులు ఉంటారు. నాసి చప్టా పెచ్చు లేస్తే చీపురుతో ఊడుస్తాం.

నాసి స్లాబు అయినా మర్నాడే పడిపోదు, మనల్ని మభ్యపెట్టేది అదే. లెక్కలో ఇంజనీర్లు కొంత బలం అదనంగా పెట్టుకుంటారు కాబట్టి మామూలు రోజుల్లో బండి నడిచిపోతుంది. ఆ అదనం ఉన్నది మామూలు రోజుల కోసం కాదు. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మన ఊళ్లో ఎవరమూ నిద్రపోలేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటింది, మన బంధువుల ఇళ్లు ఎన్ని దెబ్బతిన్నాయో అందరికీ గుర్తే. అలాంటి రాత్రి అక్కరకు రావలసిన బలాన్ని పాత బస్తా ముందే తినేసి కూర్చుంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. ఆ సిమెంటును ఆ సభ్యురాలికి ఇచ్చేద్దామన్న మాట మంచి మనసుతో వచ్చిందే. దాన్ని మేము శంకించడం లేదు. కానీ ఆ మాట వెనక లెక్క ఒకసారి చూద్దాం. ఆమె పోసుకుంటున్నది పది అడుగులకు పన్నెండు అడుగుల గది. ఐదంగుళాల మందం వేసుకుంటే 50 ఘనపుటడుగుల కాంక్రీటు. ఒకటి, ఒకటిన్నర, మూడు పాళ్ల చొప్పున 11 నుంచి 12 బస్తాల సిమెంటు పడుతుంది. సరిగ్గా మన దగ్గర పైకి బాగున్న 11 బస్తాలు ఉన్నాయి. చూశారా, ఎంత చక్కగా సరిపోయిందో! అందుకే భయం.

కొత్త బస్తా 400 రూపాయలు వేసుకున్నా 12 బస్తాలకు 4,800. ఇనుము, సెంట్రింగు, కంకర, ఇసుక, కూలీ ఖర్చుల ముందు అది చిన్న భాగం. ఆ కొంచెం మిగిల్చి మొత్తం స్లాబునే అనుమానంలో పెడుతున్నాం. అనుమానం ఉన్న స్లాబును తర్వాత బాగుచెయ్యడం అంటే కొట్టేసి మళ్లీ పొయ్యడమే. ఆ స్తోమత ఆ ఇంటికి ఉంటే మన సాయం ఎందుకు?

ఇంకో సంగతి. మనం ఇస్తే ఆమె వద్దనగలదా? దానమిచ్చిన ఆవు పళ్లు లెక్కపెట్టకూడదంటారు మనవాళ్లు. తీసుకునేవాళ్లకు ఆ నోరు ఉండదు కాబట్టి ఇచ్చేవాళ్లే ముందు పళ్లు లెక్కపెట్టి ఇవ్వాలి. పోయిన ఆదివారం మేము ఒక ప్రశ్న వేశాం, మళ్లీ వేస్తున్నాం. ఈ 11 బస్తాలతో మన ఇంటి పడగ్గది మీద స్లాబు పోయించుకోవడానికి మనలో ఎవరు సిద్ధం? ఆ రోజు ఒక్క చెయ్యీ లేవలేదు. మన తల మీదకు పనికిరానిది ఆమె పిల్లల తల మీదకు ఎలా పనికొస్తుంది?

మరి పారేద్దామా? అదీ తప్పే. అందరూ చందాలు వేసుకుని కొన్న సరుకు. ఏ బస్తా ఎక్కడికో మేము ఇలా అనుకుంటున్నాం.

పైకి బాగున్న 11 బస్తాలు: భవనం పెరట్లో చేతులు కడుక్కునే చోట చప్టా, నడవడానికి పలకల కింద పరుపు, కాలువ అంచులు, మొక్కల కుండీలు, బట్టలుతికే బండ కింద దిమ్మ. విరిగినా ఎవరికీ దెబ్బ తగలని పనులు, నేల మీద ఆనుకుని ఉండే పనులు. అవి కూడా రెండు నెలల్లోపు అయిపోవాలి. ఇంకో వానాకాలం దాకా అట్టే పెడితే ఇవీ రాయి అవుతాయి.

గడ్డలున్న 6 బస్తాలు: జల్లెడ పట్టి, వచ్చినంత పొడిని పెరట్లో గుంటలు పూడ్చడానికి ఇసుక, ఇటుక ముక్కలతో కలిపి వాడుకోవచ్చు. అంతకు మించి వద్దు.

రాయైన 5 బస్తాలు: వాటిని సిమెంటు అనుకోకుండా రాళ్లనుకుంటే పనికొస్తాయి. పగలగొట్టి కొత్త మెట్టు కింద నింపుకి వేసుకోవచ్చు, మట్టి జారే చోట వరసగా అడ్డం పెట్టుకోవచ్చు. మురిక్కాలువలోనో చెరువులోనో పారెయ్యడం మాత్రం కూడదు. కాలువ పూడిపోతుంది, పొడి కలిస్తే చెరువులో చేపలకు చేటు.

వాడకూడని చోట్లు కూడా స్పష్టంగా చెప్పుకుందాం: స్లాబు, స్తంభం, దూలం, కిటికీ గుమ్మాల మీది లింటెలు, సన్‌షేడు, మెట్లు, పిట్టగోడ, నీళ్లట్యాంకు, సెప్టిక్ ట్యాంకు మూత. భవనం స్లాబు కారుతున్నచోట పైపూతకు కూడా వద్దు. నాసిపూత రెండు వానలకే పొట్టులా లేస్తుంది, దాన్ని గీకించే కూలీ అదనం. గోడ పూతకు కూడా మేము ఒప్పుకోం. ఇసుక రాలే గోడకు ఎన్ని రంగులు వేసినా నిలవవు.

ఇకముందు ఇలా మిగలకుండా ఏం చెయ్యాలి? సిమెంటు అన్నింటికన్నా ఆఖరున కొనాలి. ఇసుకా కంకరా ఇనుమూ వచ్చి, మేస్త్రి రోజు చెప్పాకే తెప్పించుకోవాలి. ధర పెరుగుతుందని ముందే యాభై బస్తాలు దింపుకోవడం మన ఊళ్లో లాభసాటి కాదు. నిలవ చేసేటప్పుడు నేలకు జానెడు ఎత్తున చెక్కలు వేసి, గోడకు మూరెడు ఎడం వదిలి, పది బస్తాలకు మించి ఎత్తు పేర్చకుండా, మొత్తం టార్పాలినుతో కప్పాలి. ముందొచ్చింది ముందు వాడాలి. విప్పిన బస్తాను పాలిథిన్ సంచిలో పెట్టి మూతి కట్టినా సరే, వారం పది రోజుల్లో వాడెయ్యాలి. విప్పని బస్తాలను వెంటనే తీసుకెళితే తెలిసిన దుకాణాలవాళ్లు చాలామంది వెనక్కి తీసుకుంటారు, కొనేటప్పుడే ఆ మాట అడిగి పెట్టుకోవాలి.

సంఘంగా మనం చెయ్యగలిగింది ఇంకొకటి ఉంది. ఎవరింట్లో పని ముగిసి బస్తాలు మిగిలినా ఆ వారంలోనే సంఘానికి చెబితే, పని నడుస్తున్న మరో సభ్యుడు డబ్బిచ్చి తీసుకుంటాడు. సిమెంటు తాజాగా ఉన్నప్పుడే చేతులు మారుతుంది. ఇచ్చినవాడికి డబ్బు, తీసుకున్నవాడికి మంచి సరుకు. మెట్ల కింద పెట్టుకుని ఏడాది తర్వాత "ఎవరికైనా ఇచ్చేద్దాం" అనుకోవడం కన్నా ఇది మర్యాదైన సాయం.

వచ్చే సమావేశంలో మేము పెట్టబోయే ప్రతిపాదనలు మూడు. ఒకటి, ఈ 22 బస్తాలను పైన చెప్పిన విధంగా విడదీసి, భవనం పెరటి పనులకే వాడడం. రెండు, స్లాబు పోసుకుంటున్న మన సభ్యురాలికి, పని మొదలయ్యే ముందురోజు, ఆ నెల తేదీ ఉన్న 12 కొత్త బస్తాలు సంఘం తరఫున దింపించడం. మనవి అరవై కుటుంబాలు, తలా 80 రూపాయలు. మూడు, మిగిలిన బస్తాల కబురు అందుకోవడానికి ఒక కార్యవర్గ సభ్యుడిని నియమించడం.

ఆ స్లాబు పోసే రోజు మనలో నలుగురైదుగురు వెళ్లి నిలబడదాం. నీళ్లు ఎక్కువ పొయ్యకుండా చూద్దాం. తర్వాత పది రోజులకు తగ్గకుండా తడుపుతూ ఉండాలి, అందుకు మన కుర్రాళ్లు వంతులు వేసుకుంటే ఆమె మగ్గం ఆగదు. ఎనభై రూపాయలు ఎవరైనా ఇవ్వగలరు, ఆ పది రోజుల నీళ్లు పొయ్యడానికే మనుషులు కావాలి. పేర్లు ఇచ్చేవాళ్లు సమావేశం లోపే చెప్పండి.